చెరువు కట్ట మీద కుర్చీ

సెప్టెంబర్ 11

శీను ఫోన్ చేశాడు. అసెంబ్లీలో నా ప్రశ్నకు వంతు వచ్చిందట. పదహారున.

"మంత్రిగారు లేచి జవాబు చెప్పాలి సార్. ఆ తర్వాత మీరు ఇంకో ముక్క అడగొచ్చు. అప్పుడే చెరువు పేరు చెప్పేయండి. పేరు చెబితేనే రికార్డుకెక్కుతుందండి. ఎక్కితే నీళ్లు పరీక్ష చేయక తప్పదు వాళ్లకి."

పీఏగా వీడు లేకపోతే ఆ హాలులో నాకు బయటికి దారి కూడా తెలియదు. వాళ్ల నాన్న గుంటూరు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు. వీడు పుట్టింది బీరంగూడలోనే. ఇంకా ఆ 'అండి' పోలేదు.

ఎమ్మెల్యేనయ్యాక ఆ సభలో నా గొంతు వినిపించింది ప్రమాణం చేసిన రోజు ఒక్కటే.

నిజానికి ప్రశ్న నాది కాదు — యాదమ్మక్కది. మా ఊరి పెద్ద చెరువులోకి కంపెనీ మురుగు వస్తోంది. వాన పడగానే వదులుతారు, వాన నీళ్లలో కలిసిపోతుందని. ఎండాకాలంలో ఆ నీళ్లు తాగి అక్క బర్రెలు రెండూ చచ్చిపోయాయి. ఇంటికి వచ్చి ఒకటే అడిగింది. "నాకు పైసలొద్దు తమ్మీ. గా అసెంబ్లీల మన చెరువు పేరు తియ్యి. గంతే."

సరే అన్నాను.

సెప్టెంబర్ 12

అద్దం ముందు నిలబడి — అధ్యక్షా... మా ఊరి పెద్ద చెరువు... మళ్లీ మొదటి నుంచి.

సత్తెమ్మ వంటింట్లోంచి, "ఇంట్ల పెండ్లాంతోనే మాట్లాడవు, అద్దంతోని ఏం ముచ్చటయ్యా?"

సెప్టెంబర్ 14

మల్లేశం వచ్చాడు, ఊరి వాళ్లను వెంటబెట్టుకుని. మొన్నటి దాకా సర్పంచ్. నన్ను గెలిపించడానికి ఇల్లిల్లూ తిరిగినవాడు.

"చెరువు పేరు తియ్యకు కాకా. పేపర్ల పడ్డదంటే మన ఊరి పాలు ఎవడు కొంటడు? బీరంగూడ అపార్ట్‌మెంటోళ్లు తెల్లారే వద్దంటరు."

మరి బర్రెలకు ఆ నీళ్లు తాపుతున్నారా అని అడిగాను.

"లేదు కాకా, బోరు నీళ్లే. గదెవలు నమ్ముతరు? చెరువు మంచిగయ్యే దాంక మేం ఏం తినాలె?"

వాడు అబద్ధం చెప్పట్లేదు. ఊళ్లో సగం ఇళ్లు పాల మీదే బతుకుతున్నాయి.

ఇంకోటి కూడా చెప్పాడు. తాగడానికి ట్యాంకర్ పంపేది కంపెనీయే కదా, ఇప్పుడు బతుకమ్మలు వదలడానికి సిమెంటు హౌజు, పెద్ద నీళ్ల తొట్టి, కట్టిస్తోందట. ఆడవాళ్లు మురికిలో దిగకుండా. చుట్టూ సోలార్ దీపాలు. కొబ్బరికాయ నేనే కొట్టాలి.

సరే అన్నాను. అక్కకు కూడా ఇదే మాట కదా అన్నది... ఒకటే మాట, ఇద్దరికీ.

సెప్టెంబర్ 16

అయిపోయింది.

పేరు పిలిచారు. లేచాను. మంత్రి చదువుతూ పోయారు — సోలార్, పచ్చదనం, శుద్ధి చేయకుండా ఒక్క చుక్క బయటికి రాదు... అంతా అయ్యాక కాగితం పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "గౌరవ సభ్యులు ఫలానా చెరువు అని చెబితే రేపే మనుషులను పంపి నీళ్లు పరీక్ష చేయిస్తాం."

సభంతా నా వైపు.

పేరు నాలుక మీదికి వచ్చింది. పాల క్యాన్లు కట్టుకుని పోయే బండ్లు కళ్ల ముందుకొచ్చాయి.

"సంతోషం అధ్యక్షా" అని కూర్చున్నాను.

వెనక బెంచీలోంచి ఎవరో — "పెద్దమనిషి సంతోషపడ్డడు, ఇగ భోజనాలకు పోదాం పాండ్రి." నవ్వులు. నేను కూడా నవ్వాను.



సెప్టెంబర్ 17

పేపర్లో నా ఫొటో. చెరువుల కోసం గొంతెత్తినందుకట.

పది గంటలకు యాదమ్మక్క. ఊరి నుంచి ఆటోలో వచ్చింది. ఎవరో పేపరు చదివి వినిపించారట.

"పేరు తీసినవా తమ్మీ?"

సత్తెమ్మ ఇచ్చిన చాయ్‌లోకి చూస్తూ, "అడిగిన అక్కా" అన్నాను.

"ఏమన్నడు మంత్రి?"

"రేపే మనుషులను పంపుతమన్నడు."

అక్క చేయి నా చెంప మీద. గరుకుగా ఉంది, సున్నం రాసినట్టు. "చిన్నప్పుడు నిన్ను భుజం మీద ఎక్కిచ్చుకొని అలుగు దాటిచ్చి బడికి తోలిన. ఊకెనే పోలే."

చాయ్ తాగలేకపోయాను.

సెప్టెంబర్ 18

పంపుతామని మంత్రి అన్నమాట నిజమే. అబద్ధం చెప్పలేదు నేను.

సెప్టెంబర్ 19

అబద్ధమే.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. హౌజుకు నీలం రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు. ట్యాంకర్ పైపు పెట్టి నింపారు. కొబ్బరికాయ కొట్టాను. కంపెనీ ఆఫీసరు ఆకుపచ్చ శాలువా కప్పి, "ఆప్ జైసే నేతా చాహియే సర్" అన్నాడు. నాలాంటి నాయకుడే కావాలట.

ఆడపిల్లలు ఆడారు, పాడారు. బతుకమ్మలను నీళ్లలో వదిలారు. కదలవు. చెరువులో అయితే గాలికి అవే లోపలికి పోయేవి, కనుమరుగయ్యే దాకా చూసేవాళ్లం. ఇక్కడ గోడకు తగిలి ఒకదాని మీద ఒకటి... ఒకామె కట్టెతో నెడుతోంది. పక్కామె, "నెట్టకే, ఎటు పోతది? గా మూల నుంచి గీ మూలకే గదా!" అని నవ్వింది.

తంగేడు పూలు మాత్రం ఎంత పచ్చగా ఉన్నాయో.

యాదమ్మక్క ఏదని మల్లేశాన్ని అడిగాను.

"గా ముసల్ది కట్ట దిగుతలేదు కాకా. నీళ్లు సూసెటోళ్లు వస్తరంట. నువ్వే చెప్పినవంట?" నా మొహంలోకి చూశాడు. "పేరు తియ్యలే గదా నువ్వు?"

లేదన్నాను.

"మంచి పని చేసినవ్."

శాలువా మెడకు గుచ్చుకుంటోంది.

సెప్టెంబర్ 22

కట్ట మీదికి వెళ్లాను, ఒక్కణ్నే.

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. పక్కన కుండ, మీద మూత, మూత మీద గ్లాసు బోర్లించి ఉంది. అక్క కింద కూర్చుని ఉంది, గోనెసంచి పరుచుకుని.

కుర్చీ ఎవరికని అడిగాను.

"హైదరాబాద్ నుంచి వస్తరు, నిలబెడతమా? ఎండలకెల్లి వస్తే దూప గాదా? ట్యాంకర్ నీళ్లే పట్టిన. గీ చెరువు నీళ్లు ఇస్తనా ఏంది!" నవ్వింది. "కూసో తమ్మీ."

"వద్దక్కా."

"కూసో. గాళ్లొస్తే లేస్తువు."

కూర్చున్నాను. అలుగు దగ్గర తెల్లటి నురుగు. ముక్కు మూసుకోవాలనిపించింది, అక్క మూసుకోవడం లేదని ఆగాను.

అక్క గోనెసంచి అంచు సర్దుకుంటూ మెల్లగా — "పేరు సక్కగ చెప్పినవా? వేరే చెరువుకు పోయిన్రేమో గాళ్లు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది.

"మల్లా చెప్త అక్కా" అన్నాను.

"చెప్పు. గట్టిగ చెప్పు. నువ్వు చిన్నప్పటి సంది గట్లనే, నోట్లెనే అనుకుంటవు."

సెప్టెంబర్ 24

రేపు సభకు చివరి రోజు. జీరో అవర్ ఉందట — ఎవరైనా లేచి తమ ప్రాంతం గోడు రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. మాట్లాడేవాళ్లు పొద్దున్నే తమ పేరు ఇవ్వాలి.

"ఇమ్మంటారా సార్?" అని శీను.

రేపు పొద్దున చెబుతానన్నాను.

"రేపు పొద్దున మీరు ఫోన్ ఎత్తాలి సార్" అన్నాడు. ఎప్పుడూ అలా మాట్లాడే పిల్లవాడు కాదు.

సాయంత్రం మల్లేశం కోడలు చెంబు నిండా పాలు పంపింది, పండగకని. సత్తెమ్మ పాయసం చేసింది. బాగుందన్నాను. బాగుంది కూడా... పాలలో ఏ తప్పూ లేదు.

సెప్టెంబర్ 25

కారులో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

మా బండి షెడ్డులో ఉంది, కిరాయి కారు తెప్పించాను. తెల్లది. హైదరాబాద్ పోవాల్సిన వాణ్ని, ఊరి వైపు తిప్పమన్నాను డ్రైవర్‌ను. ఎందుకో తెలియదు. అక్కకు నిజం చెప్పి పోదామనా? చెబితే ఇగ సభలో లేవక తప్పదనా?

తెల్లవారుజామున వాన పడింది. అలుగు దగ్గర నురుగు ఇవాళ మనిషెత్తు. గాలికి ముక్కలు లేచి తుమ్మ చెట్లకు అంటుకుంటున్నాయి.

కట్ట కింద ఆపించాను.

అక్క గొంగడి కప్పుకుని ఉంది. కారును చూసింది. లేచి నిలబడింది. నన్ను గుర్తుపట్టలేదు, ఈ కారు ఆమెకు తెలియదు కదా. గొంగడి తీసి పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. ఆ కొంగుతోనే తడిసిన కుర్చీ తుడుస్తోంది — వీపు ఆనే చోట, చేతులు పెట్టే చోట, కాళ్లు కూడా.

శీను ఫోన్. మోగుతోంది.

ఇప్పుడు గ్లాసు కడుగుతోంది అక్క.