సబ్బు పట్టని పెట్టె

బాబాయికి నమస్కారాలు.

పెట్టెల పనిలో నోటిమాట పనికిరాదు, కావలసింది కాగితం మీద రాసి పంపమన్నారు కదా, రాస్తున్నాను. పార్సిల్లో నేను చేసిన సబ్బు ఒకటి ఉంది. దాని కొలతకి అట్టపెట్టె కావాలి. లేత ఆకుపచ్చ రంగు, మూత మీద ఒకే ఒక్క ఆకు, కింద సబ్బు పేరు. ఊపితే లోపల గడగడలాడకూడదు.

మీ ఊరి పెద్దబజారు కొట్టాయన వాసన చూసి బాగుందన్నాడు. కానీ "కాగితంలో చుట్టిన సరుకు నా అరలో పెట్టను. నెలాఖరులోగా పెట్టెతో రా, లేకపోతే ఆ అర కొవ్వొత్తులావిడకి ఇచ్చేస్తా" అన్నాడు. బడి ఆఫీసులో ఉద్యోగం మానేసి మరీ ఈ సబ్బుల్లోకి దిగాను బాబాయ్. ఆ అర దొరక్కపోతే మళ్లీ వెళ్లి ఆ హెడ్‌మాస్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

మీ అన్నగారమ్మాయి

తా.క. మా అత్తగారు "సబ్బుకి చొక్కా ఎందుకే, ఎలాగూ స్నానానికే కదా వెళ్లేది" అంటున్నారు.

*

అమ్మడికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ సబ్బూ అందాయి. రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని ఆలోచించి, మూడో రోజు పొద్దున్న కొలిచాను. మీ తాతయ్య ఇచ్చిన ఇనప స్కేలు నాది. నలభై ఏళ్లలో దాంతో కొలిచిన పెట్టె ఒక్కటి వెనక్కి రాలేదు. నమూనా పంపుతున్నాను. నువ్వు సరే అంటే మిగతా పని మొదలుపెడతాను. హాయిగా నిద్రపో.

మీ బాబాయి

తా.క. మీ పిన్ని ఈ మధ్య ఎందుకో తెల్లవారకముందే లేస్తోంది. వయసు మీదపడితే నిద్ర తగ్గుతుందిట. నాకింకా మీదపడలేదు.

*

బాబాయ్, కొంప మునిగింది!

పెట్టె తెల్లగా ఉంది. రంగు లేదు, పేరు లేదు. మూత మీద పెన్సిలు గీత ఒకటి ఉంది. అదేనా ఆకు? సరే పోనీ అనుకుని సబ్బు పెట్టబోతే సగందాకా వెళ్లి ఆగిపోయింది. మా ఆయన గట్టిగా నొక్కితే పెట్టె మూల చిరిగింది. అత్తగారేమో "మందుల పెట్టెలా ఉంది, ఏ రోగానికో కూడా రాయించవే" అంటున్నారు.

ఇంకో రెండు సబ్బులు పంపుతున్నాను. ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది. దయచేసి ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలవండి. నెలాఖరు ఇంక పద్దెనిమిది రోజులే.

కంగారుతో,
మీ అమ్మాయి

తా.క. "ఒళ్లు దగ్గర పెట్టుకుని" అన్నది కోపంతో కాదు. కొంచెం కోపమే.

*

అమ్మడూ,

ముందు తెల్లపెట్టె చేసి కొలత చూస్తారు. కొలత కుదిరాకే రంగూ ఆకూ అచ్చేస్తారు. ఈ పనిలో అందరూ చేసేదే, గాభరా పడకు.

ఇక సబ్బు పట్టలేదన్నావు. నీ మొదటి సబ్బు నా ఎదురుగానే ఉంది. నీకు పంపిన కొలతతోనే చేసిన ఇంకో పెట్టెలో పెట్టి ఊపాను. పట్టడం కాదు, లోపల దొర్లుతోంది! మనిద్దరిలో ఎవరికో మతి పోయింది, నాకైతే కాదు. తప్పు నువ్వు సబ్బు పోసే అచ్చులో ఉంది. పైగా సబ్బు మీద అక్షరాలు చూశావా? సగం అరిగిపోయి ఉన్నాయి. ఆ అచ్చు పారేసి మంచిది కొనుక్కో.

పని ఒత్తిడిలో కొత్త సబ్బుని నాలుగో రోజుకి గాని కొలవలేకపోయాను. రెండో పెట్టె పంపుతున్నాను.

మీ బాబాయి

తా.క. "పిల్ల అచ్చుని ఏమీ అనకండి" అని మీ పిన్ని నా మీద విరుచుకుపడింది. పనిలో వేలు పెట్టడం ఎప్పుడూ లేదు, ఇదేం చోద్యమో!

*

బాబాయిగారికి,

రెండో పెట్టె మొదటిదానికన్నా చిన్నది. నా అచ్చు మొన్న కొన్నది. అక్షరాలు వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉన్నాయి. మా ఆయన పన్నెండు సబ్బులు వరసగా పెట్టి కొలిచారు, అన్నీ ఒక్కటే.

అయినా వాదించే ఓపిక లేదు. నెలాఖరు ఆరు రోజులుంది. నిన్నటినుంచి కత్తి పట్టుకుని, మీ పెట్టెలో పట్టేలా సబ్బుల్ని చెక్కుతున్నాను. పైన చెక్కితే పేరు పోతోంది, పక్కన చెక్కితే ఆకారం పోతోంది. ఏడుపొస్తోంది బాబాయ్. ఆ అర నాకిక దక్కదు. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ చూపు బాగానే ఉందా?

మీ అన్నగారమ్మాయి

తా.క. రాలిన తురుముతో అత్తగారు ఇల్లంతా కడిగించారు. నా బతుకు ఎలా ఉన్నా నేల మాత్రం తళతళలాడుతోంది.

*

అమ్మలూ,

ఇది మీ పిన్ని రాస్తున్నది. నీ ఉత్తరం చదివి ఆయన అన్నం ముట్టలేదు. "నా చూపు పోయింది, పిల్ల నోటి దగ్గర కూడు నేనే పడగొట్టాను" అంటూ మీ తాతయ్య స్కేలు తీసుకెళ్లి పాతసామాన్ల కొట్లో ఇచ్చేసి వచ్చారు. ఇంక దాచలేను. తప్పు ఆయనదీ కాదు, నీదీ కాదు. నాది.

ఇన్నేళ్లూ ప్రతి పెట్టెకీ జిగురు రాసింది నేనే. నా చేతులు బీటలువారి ఏ మందుకీ లొంగలేదు. నీ సబ్బు వచ్చిన రోజు ఒక్కసారి కడుక్కుని చూశాను. మంట తగ్గింది. ఇక మనసు ఆగలేదు. రోజూ ఆయన లేవకముందే చేతులు కడుక్కోవడం, సబ్బు తుడిచి ఆరబెట్టి మళ్లీ బల్ల మీద పెట్టేయడం. ఆయన కొలిచింది నేను అరగదీసిన సబ్బుని. కొత్తది వస్తే దాన్నీ వదల్లేదు. సిగ్గుతో నోరు పెగల్లేదమ్మా.

నువ్వు పంపిన మూడోది మాత్రం ముట్టుకోలేదు. నిన్న దాన్ని కుట్టుపని టేపుతో కొలిచి, పెట్టె చేసి, ఆకుపచ్చ కాగితం అంటించి, ఆకూ పేరూ చేత్తో గీసి, కొట్టాయన దగ్గరికి పట్టుకెళ్లాను. తిప్పితిప్పి చూసి, "పెట్టె బాగుంది, సబ్బు పనిచేస్తుందా?" అన్నాడు. రెండు చేతులూ ఆయన ముందు చాపాను. ఈ బజారులో నా చేతులు ఎరగనివాళ్లు లేరు. వెంటనే సరేనన్నాడు. అర నీదేనమ్మా. రెండు వందల పెట్టెలు అచ్చుకిచ్చాను, ఎల్లుండికి అందుతాయి. ఆ కత్తి అవతల పారెయ్ తల్లీ!

మీ పిన్ని

తా.క. ఇంతవరకు రాసేసరికి ఆయన వెనకనించి వచ్చి మొత్తం చదివేశారు. తిట్లు తప్పవని కళ్లు మూసుకున్నాను. "అయితే నా కొలత తప్పలేదన్నమాట!" అని ఒక్క కేక పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పాతసామాన్ల కొట్టుకి పరిగెత్తారు.