నాన్న తిప్పిన కంచం

మార్చి 3, మంగళవారం

మా ఆవిడ మళ్ళీ శిల్పం మొదలుపెట్టింది. సంతోషించాలి. భర్తను కదా.

కాలేజీలో ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఫస్ట్ ఆమె, సెకండ్ నేను. పెళ్ళయ్యాక వర్క్‌షాప్ నాదైంది, ఇల్లు ఆమెదైంది. ఈరోజు నా వర్క్‌షాప్‌లో ఒక మూల ఊడ్చుకుని, నాన్న చివర్లో పట్టుకుని నడిచిన వాకర్ తెచ్చి పెట్టుకుంది. నాన్న పోయి ఏడాది దాటింది. పాతసామాన్లకు వేసేద్దామంటే అప్పట్లో వద్దంది. దీంతో ఏం చేస్తావని అడిగితే, ఇంకా తెలియదంది.

నాకైతే అన్నీ ముందే తెలుస్తాయి. అందుకే కాబోలు ఏదీ సరిగ్గా రాదు.

మార్చి 9, సోమవారం

నేను నాన్న బస్ట్ చేస్తున్నాను, భుజాల దాకా, మట్టిలో. తర్వాత కంచులో పోయిస్తాను. పోలిక అచ్చుగుద్దినట్టు ఉంది. ముక్కు, దవడ, ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి చికిలించిన కళ్ళు. ఫోటో తీసి అక్కకు పంపాను. ఎవర్రా అని అడిగింది.

అవతల మూలలో ఆమె వాకర్ ముందుకాళ్ళకు నాన్న బూట్లు తొడిగింది. పైకమ్మీకి ఆయన యూనిఫాం కాలర్ కుట్టింది. మధ్యలో ఆయన అన్నం తినే స్టీలు కంచాన్ని కొంచెం ఏటవాలుగా, బేరింగ్ వేసి బిగించింది. వేలితో తోస్తే తిరుగుతుంది. అంతే. వంటిల్లూ బాత్రూమూ చేయి చేయి పట్టుకుని షికారుకు బయల్దేరినట్టుంది అన్నాను. నవ్వింది. నా జోకులకు ఆమె నవ్వితే నాకు ఇష్టం. ఈరోజు నచ్చలేదు.

మార్చి 14, శనివారం

ఆర్ట్ గ్యాలరీ నడిపే ఆవిడ వచ్చింది. నా బస్ట్ చూడటానికి. కాళ్ళావేళ్ళా పడి నేనే రప్పించుకున్నాను. బస్ట్ చుట్టూ ఒకసారి తిరిగి, బాగా చేశారు అంది. పన్ను పీకించుకుంటే డాక్టర్ కూడా ఆ మాటే అంటాడు.

తర్వాత వాకర్ దగ్గర ఆగింది. కంచాన్ని తాకింది. అది మెల్లగా తిరిగింది. చేతిలో బ్యాగ్ నేలమీద పెట్టేసి అలాగే నిలబడిపోయింది. ఇదెవరిదని నన్ను అడిగింది. మా ఆవిడదని చెప్పేలోపు రెండుసార్లు దగ్గాను.

వచ్చే నెల గ్రూప్ షోలో ఆమెది పెడతారట. నాది తర్వాత చూస్తారట.

సాయంత్రం 6

ఆమె టీ ఇచ్చింది. చక్కెర సరిగ్గా సరిపోయింది. దానికి కూడా ఒళ్ళు మండింది.

మార్చి 15, ఆదివారం

ఇది అసూయ కాదు. క్రాఫ్ట్ ఏమైపోతోందన్న ఆందోళన.

మార్చి 16, సోమవారం

అసూయే.

మార్చి 22, ఆదివారం

అక్కకు ఫోన్ చేశాను. పోయిన మనిషి వస్తువులు పదిమందిలో పెట్టడం ఏం మర్యాద అని అక్కచేత అనిపిద్దామని ప్లాన్. వాకర్ ఫోటో పంపి, నాలుగు మాటలు ఎగదోసి, ఆగాను. అవతల అక్క ముక్కు చీదింది.

“నాన్నేరా,” అంది.

అందులో మొహం లేదు. చెయ్యి లేదు. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 2, గురువారం

రేపే షో. బోల్టు ఒకటి వదులైందని వంక చెప్పి గ్యాలరీకి ఒక్కడినే వెళ్ళాను. వాచ్‌మన్ తలుపు తీస్తూ, ఆర్టిస్టుగారి హజ్బెండా అని అడిగాడు. కంచం విప్పి సంచిలో వేసుకుని వచ్చేశాను. మా నాన్న కంచం. నాకు హక్కుంది.

హక్కున్నవాడిని సోఫా కింద ఎందుకు దాచానో తెలియదు.

ఏప్రిల్ 3, శుక్రవారం

దేవుడికి నామీద పగ. కంచం లేని వాకర్‌ను చూసి గ్యాలరీ ఆవిడ మైమరచిపోయింది. ఆ ఖాళీయే అసలు శిల్పమట. చివరి నిమిషంలో ఎంత ధైర్యమని మా ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. జనం ఆ ఖాళీలోంచి తొంగిచూస్తూ ఫోటోలు దిగారు. నేను చెడగొట్టింది కూడా ఆమె గొప్పతనమే అయి కూర్చుంది.

ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇంటికొచ్చే దారిలో కంచం ఏదని అడగలేదు. తెలిసింది కాబట్టే అడగలేదు.

ఏప్రిల్ 4, శనివారం

పొద్దున్నే కంచం తీసి ఆమె ముందు పెట్టాను. తిడుతుందని. తిట్టలేదు. కూర్చుని చెప్పుకొచ్చింది.

స్ట్రోక్ వచ్చాక నాన్న అన్నం పెడితే తోసేసేవాడట. ఒకరోజు ఖాళీ కంచం ఒళ్ళో పడితే, రెండు చేతులా పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడట. ఆనాటి నుంచి ముందు ఖాళీ కంచం ఇచ్చేది. ఆయన మలుపులు తిప్పేవాడు, బ్రేకు వేసేవాడు. రూటు పూర్తయితేనే ముద్ద. అప్పుడు నేను గోడకు ఇవతల ఎవరో మంత్రిగారి విగ్రహానికి మీసాలు దిద్దుతున్నాను.

“నువ్వు హాల్లోంచి వెళ్తుంటే కండక్టర్ అని పిలిచేవాడు, గుర్తుందా?” అంది.

గుర్తుంది. కన్నకొడుకునే మరచిపోయాడని మనసు కష్టపెట్టుకున్నాను. పలికేవాడిని కాదు.

“నువ్వు రైట్ అంటే బండి తియ్యాలని. నేనెన్నిసార్లు అన్నా కదిలేవాడు కాదు. నీ తలుపు వంకే చూసేవాడు. చూసి చూసి, ఇంక రాడులే అని తనే పోనిచ్చేవాడు.”

నాకెందుకు చెప్పలేదని అరిచాను. చెప్పానంది. గ్రైండర్ ఆపకుండానే ఊఁ అన్నానట.

ఇన్నాళ్ళూ ఆమె పని చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆ మధ్యాహ్నాలన్నీ ఆమెవే అయిపోయినందుకు కుళ్ళుగా ఉంది. మొదటిదే నయం.

ఏప్రిల్ 5, ఆదివారం

ఇద్దరం గ్యాలరీకి వెళ్ళాం. స్పానర్ నేనే పట్టాను. ఖాళీగానే బాగుంది, పేపర్లో కూడా అదే మెచ్చుకున్నారు అని గ్యాలరీ ఆవిడ అడ్డంపడింది.

“మా మామయ్య ఖాళీగా కూర్చునే మనిషి కాదండీ,” అంది మా ఆవిడ.

మరి ముందు ఎవరు తీశారని ఆవిడ అడిగింది. నేనే అన్నాను. నన్ను అప్పుడే కొత్తగా చూసినట్టు చూసింది. బిగించాక కంచాన్ని ఒకసారి తిప్పాను. రైట్ అందామనుకున్నాను. నోరు రాలేదు.

ఏప్రిల్ 19, ఆదివారం

బస్ట్ పగలగొట్టి, ఆ మట్టిని తొట్టిలో నానబెట్టాను. బాధ కలుగుతుందనుకున్నాను. చేతులు చల్లగా ఉన్నాయి, అంతే.

ఏప్రిల్ 27, సోమవారం

పొద్దున్నుంచి నా చెప్పులు కనబడటం లేదు. ఆమె మూల నుంచి డ్రిల్ చప్పుడు వస్తోంది. వట్టికాళ్ళతో గుమ్మంలో కూర్చున్నాను. అడగలేదు.