జనం లేని స్టేషన్ గురించి

తనిఖీ అధికారిగారికి నమస్కారం.

మా ఊరి రైల్వే స్టేషన్‌కి ఏడాదైనా నిండలేదు, "ఇక్కడ జనమే లేరు" అని తమరు రాసి మూయించేశారు. ఉన్నామండీ. ఆ తనిఖీ రోజు తమరు పదింటి రైల్లో వస్తారని విని, దిగేవాళ్ల రద్దీ చూపిద్దామని ఊరంతా పొద్దున్నే మాకు ముందొచ్చే స్టేషన్‌కి వెళ్లి అదే రైలెక్కాం. మా ఆవిడ "నేను రాను, కోళ్లున్నాయి" అంది. (ఆ కోళ్ల సంగతి మొదలెడితే ఈ కాగితం చాలదు.) "ఒక మనిషి తగ్గుతుంది, పదవే" అని నేనే లాక్కెళ్లాను. తమరేమో జీపులో వచ్చి, ఖాళీ ఊరు చూసి వెళ్లిపోయారు! మేం దిగేసరికి దుమ్మే మిగిలింది.

ఆవిడకి వారం వారం కంటి ఆస్పత్రి. ఇప్పుడు రైలు కోసం ఎనిమిది మైళ్లు నడుస్తూ, దారంతా నన్ను దెప్పుతోంది.

దయచేసి మళ్లీ రండి. ఈసారి ఎవరం ఊరు దాటం. రైల్లోనే వస్తే, ఇక్కడ ఆగదు కనక, గొలుసు లాగండి. గార్డు కేకలేస్తే ప్లాట్‌ఫారం మీదున్న మా ఆవిడని చూపించండి, మిగతాది ఆవిడ చూసుకుంటుంది.