వీరయ్య ఇంటి నలభై నాలుగు డిగ్రీలు

సీతాఫల్‌మండి, ఏప్రిల్ 9

ఎండ జాగ్రత్తల ఆఫీసు కల్పలత మేడంకు రిటైర్డ్ ఫిట్టర్ వీరయ్య దండాలు.

మీ ఆఫీసు పిల్ల భవాని రోజూ వచ్చి "తాతా, నీళ్లు తాగినవా?" అని అడిగి పోతుండె. నాలుగు చినుకులు పడంగనే బంద్ వెట్టిన్రు. ఇదేం ఇన్సాఫ్? మీరిచ్చిన థర్మామీటర్ల ఇయ్యాల నలభై నాలుగున్నది. జెర పిల్లను పంపుండ్రి.

మీ రేకుల ఇంటి వీరయ్య

తా.క. మా ఇంటామె పుష్పమ్మ పోయి మూడేండ్లాయె. నీళ్లు తాగినవా అని అడిగే మనిషి లేదు. ఇది రిపోర్టుల రాయకుండ్రి.

* * *

ఏప్రిల్ 12

వీరయ్యగారికి నమస్కారం.

ఇంట్లో ముప్పై ఎనిమిది దాటితే రోజూ మనిషిని పంపాలన్నది మా నియమం. భవాని రేపే వస్తుంది. వానలో నలభై నాలుగేమిటని మా ఇంజనీరుగారు హడలిపోయారు. మీ రేకులకు వేడి తగ్గించే తెల్లరంగు వేయిస్తున్నాం.

కల్పలత

తా.క. మీ పక్కింట్లో ఇరవై తొమ్మిదేనట!

* * *

ఏప్రిల్ 15

మేడం, మీ కాళ్లకు దండం, రంగు వద్దు!

లాలాగూడ వర్క్‌షాపుల ముప్పై ఏండ్లు కొలిమి కాడ పనిజేసిన. నాకు ఉడుకే ఆరోగ్యం. ఇల్లు చల్లబడితే పిల్ల రాదు గద.

పరేషాన్‌ల వీరయ్య

తా.క. ఇయ్యాల యాభై రెండు.

* * *

ఏప్రిల్ 24

వీరయ్యగారికి,

యాభై రెండు అనగానే ఫైరింజను పంపాం. వెనకే రంగువాళ్లనూ పంపాం. ఇప్పుడు ఎండలు మళ్లీ ముదిరినా మీ ఇంట్లో ముప్పై మూడే. గల్లీలో అంత చల్లని ఇల్లు మరొకటి లేదు. కాబట్టి భవాని ఇక రాదు.

కల్పలత

తా.క. మంటలెక్కడని అడిగితే "కూసోండ్రి, చాయ్ తాగినంక చెప్తా" అన్నారట. ఫైరింజను సిబ్బంది గంటసేపు కూర్చున్నారట!

* * *

ఏప్రిల్ 26

మేడం,

తప్పయింది. థర్మామీటరు అన్నం గిన్నె మూత మీద పెట్టిన. యాభై రెండు నాడు పప్పు సుత పొయ్యి మీదున్నది. ఒక్కన్నే ఉండుడు కష్టమైతున్నది. పిల్లను ఏమనకుండ్రి.

వీరయ్య

తా.క. ఆమె ఇచ్చిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఒక్కటి సుత తాగలే. పుష్పమ్మ పెట్టెల దాచుకున్న.

* * *

ఏప్రిల్ 28

వీరయ్యగారికి,

గల్లీలో అన్నిటికన్నా చల్లని ఇంటిని మధ్యాహ్నం అందరూ తలదాచుకునే చోటు చేయాలన్నది కూడా మా నియమమే. రేపు పన్నెండింటికి మీ ఇంటికి పద్నాలుగు మంది వస్తారు. ఒక్కొక్కరినీ "నీళ్లు తాగినవా?" అని అడగాల్సింది మీరే. ఆ ప్యాకెట్లు బయటికి తీయండి.

కల్పలత

తా.క. థర్మామీటరుకు అంటిన మెతుకును భవాని మళ్లీ వచ్చిన మొదటి రోజే చూసిందట. ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. ఆమె ఉండేది హాస్టల్లో. ఈ ఊళ్లో "తిన్నవా బిడ్డా?" అని తనను అడిగేది మీరొక్కరేనట. రేపు పదిహేనో మనిషిగా తనూ వస్తానంది.