యెరికో గోడ

తమ్ముడూ యోహానూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. కోయిలకుంట్లకు వాన తప్ప అన్నీ వస్తున్నాయి, వాటి సంగతి పోనీ.

ప్రసంగం మధ్యలో గుండె దడతో లేచిపోయి నువ్వు గుడి చుట్టూ తిరిగేవాడివి. సంఘపెద్ద దావీదు దాన్ని దయ్యమన్నాడు. బైబిల్లో యెహోషువ గోడ కూలేదాకా యెరికో కోట చుట్టూ తిరిగితే భక్తి, నువ్వు తిరిగితే దయ్యమా? నేనడిగితే, "గోడ ఇంకా పడలేదు కదన్నా" అని నవ్వేవాడివి.

మొన్న ఆదివారం అదే దావీదు, భార్య పోయినప్పటి నుంచి నిద్ర లేనివాడు, ప్రసంగం మధ్యలో లేచి బయట తిరగసాగాడు.

"ఆయప్పకూ పట్టిందే దయ్యం!" అని చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. నాకు కూర్చోబుద్ధి కాలేదు. అంతలో నీ భార్య రూతమ్మ లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా ఎండలోకి పోయి, అతని పక్కన నడిచింది.

"నడువు మామా, గోడ పడేదాకా నేనూ వస్తాండా" అంది.