నీ దుప్పట్ల కథ

అక్కా,

నీ చెల్లెలు చేసే నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని చదివి మీ మరిది కూడా సంతోషించారు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. పై వరస కట్టుడు పళ్లు నమిలేటప్పుడు కదులుతున్నాయన్నావు. దయచేసి గోళ్ల ఆకురాయితో నువ్వే అరగదీసుకోకు. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ కట్టుడు పళ్లు చేస్తున్న చెల్లెలుండగా నీకా అవస్థ ఏమిటి? నువ్వొచ్చినప్పుడు అచ్చు మళ్లీ తీస్తాను. మీ మరిది లిఫ్టులు బాగుచేసే పనిలోనే ఉన్నారు. మొన్న బాగుచేయడానికి వెళ్లిన లిఫ్టులోనే రెండు గంటలు ఇరుక్కుపోయి, పై అంతస్తు ముసలాయనతో లోకాభిరామాయణం మాట్లాడి వచ్చారు. ఇద్దరూ ఇప్పుడు మంచి స్నేహితులు.

ఇక మూడో ప్రశ్న. "శనివారం మీటింగుల్లో ఏం చేస్తారు? యాభై ఎనిమిదేళ్లదాన్ని, నాకక్కడ చోటుంటుందా? వచ్చే నెల వచ్చినప్పుడు నన్నూ తీసుకెళతావా?" అని అడిగావు. నీ ఉత్తరం సోమవారం అందింది. ఇవాళ ఆదివారం. ఈ మధ్యలో నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను.

కుట్టుమిషన్లు అమ్మే షాపు పైన ఒక గది. పద్నాలుగు కుర్చీలు, ఏ రెండూ ఒక ఎత్తు కావు. వచ్చేవాళ్లందరం బైసెక్సువల్సే, ఆడామగా ఇద్దరి మీదా మనసు పోయేవాళ్లమే, కానీ ఒకళ్లకూ ఇంకొకళ్లకూ పోలిక ఉండదు. అందుకే అక్కడొక పద్ధతి పెట్టుకున్నారు. లోపలికి రాగానే, తాను ఎవరో చిన్న చిన్న చీటీల మీద రాసి చొక్కాకు పిన్ను పెట్టుకోవాలి. ఎన్నయినా రాయొచ్చు, వచ్చే వారం మార్చుకోవచ్చు. ఇందులో అసలు నువ్వెవరు అని మాత్రం ఎవరూ అడగకూడదు. బస్సు నడిపే ఆయన ఒంటి మీద "బైసెక్సువల్", "ఇద్దరు పిల్లల తండ్రి", "దేవుణ్ణి నమ్మేవాణ్ణి", "చెవిలో మిషన్ ఉంది, గట్టిగా మాట్లాడండి" అని నాలుగుంటాయి. మీటింగు నడిపే రిటైరైన లెక్కల టీచరమ్మ, "ఆడా కాదు మగా కాదు" అని కొత్తగా ఒక చీటీ కలుపుకున్నారు. అయినా టీచరమ్మ అనే పిలవమన్నారు, అలవాటైపోయిందట.

మొదటి రోజు నేను రెండు రాశాను. "బైసెక్సువల్" అన్నది పెట్టుకుని, "భార్య" అన్నది సంచీలో దాచేశాను. మీ మరిదికి పెళ్లికి ముందే అన్నీ చెప్పాను, ఆయన దగ్గర నాకే దాపరికమూ లేదు. కానీ మొగుడితో హాయిగా కాపురం చేసుకుంటున్నదానికి ఈ గదిలో ఏం పనని అంటారేమోనని భయపడ్డాను. ఎవరూ అనలేదు. అంతా నా ఊహే.

మూడో వారం కొత్తవాళ్లు, తమ సంగతి తమకు మొదట ఎలా తెలిసిందో చెప్పాలి. నాకంటే ముందు ఒక నర్సమ్మాయి చెప్పింది. ఇంట్లోంచి గెంటేస్తే కట్టుబట్టలతో వచ్చేసిన పిల్ల. ఆ తర్వాత నా వంతు. నా దగ్గర ఏముందక్కా చెప్పుకోవడానికి? మా పళ్ల వర్క్‌షాపుకు కట్టుడు పన్ను రంగు సరిచూసుకోవడానికి ఒకావిడ వచ్చేది. నమూనా పళ్లు ఆవిడ పెదవి దగ్గర పెట్టి, కిటికీ వెలుగులో చూడాలి. ఒక్కసారి చూస్తే సరిపోయేదానికి, రంగు కలవలేదని అబద్ధమాడి మూడుసార్లు రప్పించుకున్నాను. నా ప్రేమకథ మొత్తం అంతే. ఆ పిల్ల ఏడ్చిన కుర్చీ పక్కన కూర్చుని ఇది చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నోరు తెరిస్తే నీ కథ వచ్చింది.

"పదిహేడేళ్లప్పుడు నేను లాండ్రీలో పనిచేసేదాన్ని" అని మొదలుపెట్టాను. తడి ఆరిన దుప్పటి చెరో కొస పట్టుకుని నువ్వూ ఆ పొడుగమ్మాయీ ఎదురెదురుగా నిలబడటం, ఒక్కో మడతకూ ఒక్కో అడుగు దగ్గరకు రావడం, చివరి మడతకు చేతులు తగలడం, ఒక రోజు ఆ అమ్మాయి దుప్పటి వదిలేసి చేతులు వదలకపోవడం, అంతా చెప్పాను. బావగారు చనిపోయిన ఏడాది నువ్వు నాకొక్కదానికే చెప్పుకున్న మాటలు. "బావను తక్కువ ప్రేమించానని కాదే, ఇది వేరు, అది వేరు" అన్నావు చూడు, అది కూడా నాదన్నట్టే చెప్పాను. నువ్వు చెప్పని వాన ఒకటి బయట కురిపించాను.

అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు నుంచీ నన్ను దుప్పట్లమ్మ అంటున్నారు. సిగ్గు విడిచి ఇంకో మాట కూడా రాస్తున్నాను. నాకు బాగుంది. ఆరు నెలలు ఆ పేరుతో తిరిగాను.

కిందటి నెల అందరం ఇంటివాళ్లతో కలిసి పార్కుకు వెళ్లాం. బస్సాయన మీ మరిదితో, "మీ ఆవిడ లాండ్రీ సంగతి విన్నాక నాకు రెండ్రోజులు ముద్ద దిగలేదండీ" అన్నాడు. ఈయన నా వైపు ఒకసారి చూసి, "అవునండీ" అన్నారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ అడిగారు.

"నువ్వు లాండ్రీలో ఎప్పుడు చేశావు?"

"చెయ్యలేదు."

ఆయన రెండో బూటు విప్పడం ఆపేశారు. పెళ్లికి ముందు నువ్వెక్కడ పనిచేశావో ఆయనకు తెలుసు కదా. "ఇది వదినకు తెలుసా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అలా నీ రహస్యం మా ఇంట్లోనూ బయటపడింది.

అయినా కిక్కురుమనకుండా ఊరుకుందామనే అనుకున్నాను. అంతలో నీ ఉత్తరం వచ్చింది.

నిన్న మీటింగుకు వెళ్లి "భార్య" అన్న చీటీ పెట్టుకున్నాను. లేచి నిలబడి, ఆ కథ నాది కాదు, నన్ను నమ్మినవాళ్లది దొంగిలించాను అన్నాను. ఎవరిదో చెప్పలేదు. పన్ను రంగు సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నర్సమ్మాయి తల వంచుకుని, "ఆ కథ విన్న ధైర్యంతోనే నేను మా అమ్మకు ఫోన్ చేశాను" అంది. టీచరమ్మ అడిగారు.

"ఆ మనిషి ఎప్పుడైనా ఇక్కడికొచ్చి తన మాట తాను చెప్పుకోవాలనుకుంటే ఎలాగమ్మా?"

కూర్చున్నాను.

నీకు చోటుంటుందా అని అడిగావు. ఉంటుందక్కా. అక్కడ వయసు ఎవరూ చూడరు. కానీ నువ్వు దుప్పటి అన్న మాట అనగానే అందరి కళ్లూ నా వైపు తిరుగుతాయి. నలభై ఏళ్లు కడుపులో దాచుకుని నువ్వు మొదటిసారి చెప్పే మాట, వాళ్లకు రెండోసారి వినే మాట అవుతుంది. అది ఇక ఎవరూ సరిచేయలేరు. నువ్వు వస్తానంటే గది దాకా తీసుకెళ్లి, నేను కింద కుట్టుమిషన్ల షాపులో కూర్చుంటాను. రానంటే అది నా తప్పే. పళ్లు రాలగొడతానంటే నా ముందే కూర్చుని రాలగొట్టు, నావి నేను కట్టుకోగలను.

ఒక్కటి మాత్రం రాయాలి. ఆ పొడుగమ్మాయి పేరేమిటని వాళ్లు రెండు మూడుసార్లు అడిగారు. నువ్వు నాకు చెప్పావు, నాకు బాగా గుర్తుంది. మర్చిపోయానన్నాను. ఆ పేరు ఇంకా ఆ గదిలో ఎవరూ వినలేదక్కా.

ఇట్లు,
నీ ముందుకు రావడానికి ముఖం చెల్లని
నీ చెల్లెలు