పలుపుతాడుతో సహా

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
రామచంద్రాపురం,
12-7-1967

సంగారెడ్డి పాత బజారులో పాత పుస్తకాలమ్మే విశ్వేశ్వర్ గారికి చలపతిరావు నమస్కరించి వ్రాయునది.

మొన్న ఆదివారం మీ దగ్గర కొన్న పశువైద్యం పుస్తకం తీరిగ్గా చూశాను. బొమ్మలు దివ్యంగా ఉన్నాయి. అంత పాత అచ్చు ఈ రోజుల్లో దొరకదు. మొదటి ఆకు మాత్రం లేదు. చినిగిపోయింది కూడా కాదు, ఎవరో బ్లేడుతో ఒద్దికగా కోసి తీశారు. ఏలూరు నుంచి ఈ ఉద్యోగానికి వచ్చేటప్పుడు మంచం వదిలేసి పుస్తకాల పెట్టెలు తెచ్చుకున్న మనిషిని నేను. ఆకు లేకపోతే నాకు నిద్ర పట్టదు. దయచేసి వెతికించి పంపండి.

ఇట్లు,
చలపతిరావు

తా.క. మనకి గేదె లేదు కదా, ఈ పుస్తకం దేనికని మా ఆవిడ నాగేశ్వరి అడుగుతోంది. నాకు జవాబు తోచలేదు. మీకు తోస్తే రాయండి.


సంగారెడ్డి,
18-7-1967

చలపతిరావు సారుకు విశ్వేశ్వర్ దండాలు. ఇక్కడ అందరం క్షేమం.

ఆకు ఎక్కడికీ పోలేదు. ఉండవలసిన ఇంట్లోనే ఉంది. ఆ పుస్తకం ఇంద్రేశంలో ప్రభావతమ్మ అనే ముసలావిడది. భర్త పోయి చాలా ఏళ్లయింది, వెనకా ముందూ ఎవరూ లేరు. పాత కాగితాల కోసం ఊళ్లు తిరిగే మా రాములుకు, చెదలు పట్టేటట్టుందని ఆవిడే తీసి ఇచ్చింది. ఇచ్చేముందు మొదటి ఆకు కోసి దాచుకుంది. మా దిక్కు బర్రెను అమ్మినవాడు పలుపుతాడు ఇవ్వడు, విప్పి ఇంట్లోనే పెట్టుకుంటాడు. తాడు కూడా పోతే ఇంటి పాడి వెంట పోతుందని భయం. ఆవిడ లెక్కలో ఆ ఆకే తాడు. ఇట్లాంటివి నేను అడగను సారూ, మీరూ అడగకండి.

ఉంటాను,
విశ్వేశ్వర్

తా.క. అమ్మగారి ప్రశ్నకు జవాబు: గేదెను కొనండి. మా బావమరిది దగ్గర ఒకటుంది. తాడు మాత్రం ఇవ్వడు.


రామచంద్రాపురం,
23-7-1967

విశ్వేశ్వర్ గారికి,

మీ ఉత్తరం మా సెక్షన్లో చదివి వినిపించాను. అందరూ కడుపుబ్బ నవ్వారు. పుస్తకం పాలివ్వదు, దూడను కనదు, మరి దానికి తాడేమిటండీ? ఇంత పెద్ద యంత్రాలు తయారుచేసే ఊరి పక్కన ఉండి ఇంకా ఇవేం మాటలు? కొన్నది నేను, అడుగుతున్నదీ నేను. పాపమేదైనా ఉంటే నా ఖాతాలో వెయ్యండి. ఆకు రాకపోతే మీ గడప తొక్కను.

చలపతిరావు

తా.క. గేదె మాట మా ఆవిడకి చెప్పలేదు. చెబితే కొందామంటుంది.


సంగారెడ్డి,
2-8-1967

చలపతిరావు సారుకు,

మంచి గిరాకీని పోగొట్టుకోలేక నేనే ఇంద్రేశం వెళ్లి ఆకు తెచ్చాను. దీనితో పంపుతున్నాను. దాని మీద ముకుంద్ అని సంతకం ఉంది చూడండి, ఆయనే ఆవిడ భర్త. నేను ఆవిడను అడగలేదు. పెద్దామె నోట మొగుడి పేరు చెప్పించడం మర్యాద కాదు కదా. ఆవిడ ఆకును కళ్లకద్దుకుంది. తరువాత, "కొన్నాయన నోరిడిసి అడిగినంక ఇయ్యకుంటె అన్యాయమైతది బిడ్డా. తీస్కపో. జెర మంచిగ సూసుకొమ్మను" అంది. కాగితాన్నే చూసుకోమంటోందని అనుకున్నాను.

విశ్వేశ్వర్

తా.క. వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు నాకు రెండు టికెట్లు చింపాడు. ఒక్కణ్ణే కదా అని తగాదా పడ్డాను. అతను నా పక్క సీటు వైపు చూసి, ఒకటి వెనక్కి తీసుకున్నాడు.


రామచంద్రాపురం,
14-8-1967

విశ్వేశ్వర్ గారికి,

ఆకు బంకతో అతికించాను. అతికించకపోయినా బాగుండేది.

మర్నాడు ఫ్యాక్టరీ సైరన్ మోగాక ఇంటికొచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే కుర్చీ వెచ్చగా ఉంది. పుస్తకం నేను మూసిన చోట కాక వేరే చోట తెరిచి ఉంది. ఆకు మూల తడిగా ఉంది, వేలు నోట్లో తడుపుకుని తిప్పినట్టు. రోజూ ఇదే వరస. ఆ పక్క క్వార్టరు కుర్రాళ్ల పనని వాళ్లతో పోట్లాట కూడా పెట్టుకున్నాను. నిన్న నాగేశ్వరి వంటింట్లోంచి, కాఫీ కావాలా అని అడిగింది. ముందు గదిలో దగ్గు వినిపించిందట. సరే కావాలి కాబోలని కాఫీ తెచ్చి కుర్చీ పక్కన పెట్టి, కుర్చీ ఖాళీగా ఉంటే నేను పెరట్లోకి వెళ్లాననుకుంది. కాసేపటికి నేను వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చాను.

అప్పటినుంచి ఆవిడ పెట్టె సర్దుకుని కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చునే ఆయనైనా ఉండాలి, ఇంట్లో తనైనా ఉండాలట. ఏలూరు వెళ్లిపోతానంటోంది, వెళ్లేట్టే ఉంది. పుస్తకాలు ఇంకా దొరుకుతాయి, భార్య దొరకదు. దయచేసి వచ్చి ఈ పుస్తకాన్ని తీసుకుపోండి.

చలపతిరావు

తా.క. కాఫీ గ్లాసు ఖాళీ చేసి, కడిగి, బోర్లించి ఉంది. నాగేశ్వరి అది చూసి మరీ భయపడింది. మగవాడు గ్లాసు కడగడం ఆవిడ ఇంతవరకు ఎరగదు.


సంగారెడ్డి,
19-8-1967

సారూ,

మీ ఉత్తరం చేతిలో ఉండగానే ప్రభావతమ్మ దుకాణానికి వచ్చింది. మెట్ల మీద కూలబడి, "ఆకు ఇచ్చిన కాన్నుంచి ఇంట్ల సప్పుడు లేదు బిడ్డా. అన్నం ముద్ద దిగుతలేదు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు మనదే. మొగుడూ పెళ్లాలను విడదీశాం. నేను రాలేను, ఆ బస్సెక్కాలంటేనే నాకు చలిజ్వరం వస్తోంది. మీరే వెళ్లి ఆయన్ని ఆవిడ చేతిలో పెట్టండి. అదే ధర్మం.

విశ్వేశ్వర్

తా.క. మీ బీరువాలో మిగతా పుస్తకాలకు మొదటి ఆకులు ఉన్నాయా? ఊరికే అడుగుతున్నాను.


రామచంద్రాపురం,
28-8-1967

విశ్వేశ్వర్ గారికి చలపతిరావు వ్రాయునది.

నిన్న నాగేశ్వరినీ తీసుకుని ఇంద్రేశం వెళ్లాను. ప్రభావతమ్మగారు గడపలోనే నిలబడి ఉన్నారు. ఆకు కోసి ఇద్దామని బ్లేడు తీసుకెళ్లాను గానీ చెయ్యి రాలేదు. పుస్తకం మొత్తం ఆవిడ చేతుల్లో పెట్టి, మీ వారిని మీకు అప్పగిస్తున్నాను, నన్ను క్షమించండమ్మా అన్నాను.

ఆవిడ అయోమయంగా నా మొహం చూసింది.

"మా ఇంటాయనా? ఆయనకు సదువు యాడిది సారూ, యేలిముద్రనాయె. బర్రెకు రోగమొస్తె ఎవలతోనన్న సదివిపిద్దమని పటాన్‌చెరు అంగట్ల కొనుక్కొచ్చిండు."

మరి ముకుంద్ ఎవరని అడిగాను.

"నాకేమెరుక? బుక్కుతోటె వచ్చిండు. మా ఆయన ఉన్నన్ని దినాలు గీయనంటె నాకు శానా భయమయ్యేది. ఆయన పోయినంక ఈ ఇంట్ల దగ్గు ఇనబడ్డదంటె గీయనదే."

ఆ మాటకు నాగేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. మేం వాకిలి దాటుతుండగా లోపల ముసలావిడ ఎవరినో మెల్లగా కోప్పడటం వినిపించింది, పరాయి ఊళ్లో అన్ని రోజులు ఎట్లా ఉండబుద్ధయిందని. కాసేపటికి ఒక ఆకు తిప్పిన చప్పుడయింది. నాకు భయం వెయ్యలేదండీ, ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే నాగేశ్వరి పెట్టెలో చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

భవదీయుడు,
చలపతిరావు

తా.క. పాపం, ఆవిడ ఒక్కతే ఉంటుంది, అప్పుడప్పుడు వెళ్లి చూసొద్దాం అన్నాను. "ఒక్కతే ఎక్కడండీ" అంది నాగేశ్వరి, కూర తరుగుతూ.